బోణీ వేళ అడిగిన ప్రశ్న

పోర్ట్ బ్లెయిర్,
మంగళవారం

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బుజ్జిగాడికి జ్వరం తగ్గిందా, బడికి వెళ్తున్నాడా? ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఒంట్లో బాగానే ఉంది గానీ ఒళ్ళే మండిపోతోంది. ఎందుకో చెప్తాను. ముందు ఒక్క మాట. బావగారు చేయించి పంపిన ఆరు పెట్టెలూ మళ్ళీ మీ గుమ్మంలోకే తిరిగొచ్చాయి కదా, వాటిని విప్పకండి. తాళ్ళు కూడా తియ్యకండి. సరళకి సరుకు నచ్చలేదేమో అని బావగారు మనసు కష్టపెట్టుకుంటారేమోనని నాకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. నచ్చకపోవడమా! ఆ వడ్డాణాల కోసం, జడబిళ్ళల కోసం ఇక్కడ కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నాం.

ఇదంతా ఫోన్లో చెప్పచ్చుగా అంటావు. ఫోన్లో నేను మొదలుపెట్టగానే నువ్వు "నేను ముందే చెప్పానా లేదా" అని అందుకుంటావు, పక్కనుంచి బావగారు నవ్వుతారు, ఈలోగా సిగ్నల్ పోతుంది. ఉత్తరంలో అయితే నా మాటకి ఎవరూ అడ్డు రారు. అందుకే కొట్లో కూర్చుని, బేరాల మధ్యలో టకటకా టైపు చేసి మెయిల్ పెడుతున్నాను. తప్పులుంటే సర్దుకో. అందరికీ చదివి వినిపించు. కంప్యూటర్ సంగతులు నీకు తెలిసినవే అయినా అత్తయ్యగారికి కూడా అర్థమయ్యేలా రాస్తున్నాను, విసుక్కోకు.

ఇక్కడ వానలు వదలడం లేదు. మన బందర్లో వాన పడితే ఓ పూట పడి, ఓ పూట ఎండ కాస్తుంది, బట్టలైనా ఆరతాయి. ఇక్కడ ఆకాశానికి చిల్లు పడిందంటే మళ్ళీ మాటు వేసేవాడే లేడు. మీ మరిది పడవ ఇంజను పని మీద ఉత్తరాన ఉన్న దీవులకి వెళ్ళి చాలా రోజులైంది, సముద్రం బాగాలేక అక్కడే ఉండిపోయారు. రోజూ మాట్లాడుతున్నారులే, బాగానే ఉన్నారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కొట్లో మనుషులు ఉంటారు కాబట్టి తెలియదు. ఇంటికొచ్చి ఒక్కదానికే కుక్కర్ పెట్టుకునేటప్పుడు మాత్రం మీరందరూ గుర్తొస్తారు. కూరగాయలు ఓడ మీద రావాలి, ఓడ ఆలస్యమైతే టమాటా ముక్క కూడా నగలాగే కనిపిస్తుంది. చేపలకి కొదవ లేదు గానీ అన్నిట్లోనూ కొబ్బరి వేస్తారు, నా నాలుకకి ఇంకా అలవాటు కాలేదు. గోంగూర మొహం చూసి ఎన్నాళ్ళైందో. బాగానే తింటున్నానులే, చిక్కిపోయానని మళ్ళీ అత్తయ్యగారితో అనకు.

ఇక అసలు సంగతి.

నేను కొట్టు తెరవగానే చేసే మొదటి పని కార్గో ఆఫీసు వాళ్ళ ప్రోగ్రామ్ తెరవడం. కొట్టుకి రావాల్సిన సరుకంతా అందులోనే బుక్ చెయ్యాలి. నువ్వు చూశావుగా ఆ నల్ల తెర. బొమ్మలుండవు, బటన్లుండవు. ఇక్కడ నెట్ నత్తలా నడిచే రోజుల్లో పెట్టింది, అలాగే ఉంచేశారు. తెల్ల అక్షరాలతో అది ఒక్కొక్క ప్రశ్నే అడుగుతుంది, మనం ఒక్కొక్క జవాబే కొట్టాలి, ఔనంటే వై, కాదంటే ఎన్. కొత్త బుకింగా? వై. ఎవరి పేరు? బరువెంత? ఓడలోనా, విమానంలోనా? పగిలే సరుకా? ఇంకో పార్సిల్ ఉందా? వై. మళ్ళీ మొదటికి. ఎవరి పేరు? బరువెంత? చెవిపోగుల పొట్లానికి కూడా అంతే, బీరువాకి కూడా అంతే. ఆ కాస్త సేపట్లో గాజులు బేరమాడ్డానికి వచ్చినావిడ నా మొహం చూసి చూసి పక్క కొట్లోకి వెళ్ళిపోతుంది.

ఆ బాధ పడలేకే కదా నిన్ను అడిగింది. నా బదులు జవాబులు కొట్టడానికి నువ్వు రాసిచ్చిన స్క్రిప్ట్ నిజంగా బంగారం అక్కా, రోల్డు గోల్డు కాదు. పెళ్ళిచూపుల్లో తలుపు చాటునుంచి పిన్ని జవాబులు అందించినట్టు అందిస్తుంది. ఆ ప్రోగ్రామ్ నోరు తెరిచే దాకా ఆగుతుంది. "బరువు" అన్న మాట తెర మీద కనపడ్డాకే బరువు చెప్తుంది. తొందరపడి ముందే చెప్తే ఆ ముసలి ప్రోగ్రామ్ జవాబు మింగేసి మళ్ళీ అడుగుతుందని నువ్వే కదా చెప్పావు. ఎంతసేపటికీ ప్రశ్న రాకపోతే లైను పోయిందనుకుని వదిలేసి మళ్ళీ కలుపుతుంది. నేను దీపం వెలిగించి, గాజుల అద్దాలు తుడిచేలోపు పార్సిళ్ళన్నీ బుక్ అయిపోయేవి.

ఎరగని ప్రశ్న వస్తే మాత్రం ఔననకుండా కాదనకుండా ఆగిపోయి కూత పెట్టమని దానికి నేర్పావు. బాగానే ఉంది. కానీ అక్కా, నువ్వు బందర్లో కూర్చుని రాశావు, ఆ కూతలు వినేది నేను. పండగ శుభాకాంక్షలు, ముందుకు వెళ్దామా? కూత. మీ ఫోన్ నంబరు పాతదేనా? కూత. ఈ వారం ఓడ వాతావరణం వల్ల ఆలస్యం, తెలిసిందా? కూత. బేరం మధ్యలో లేచి వెళ్ళి ఒక్క అక్షరం కొట్టి రావడం. అందుకని నేనే అందులో ఒక్క లైను మార్చాను. ఎరగని ప్రశ్న వస్తే వై కొట్టమన్నాను.

ఇక్కడ నువ్వు తల పట్టుకుంటావని తెలుసు. ఎన్ కొట్టమని రాయచ్చుగా అంటావు. ఎలా రాస్తానే? దీపం పెట్టి, గల్లాపెట్టికి దణ్ణం పెట్టి, ఇంకా బోణీ కాకుండా, నా కొట్లోంచి బయటికి వెళ్ళే మొదటి మాట "కాదు" అయితే ఇంకేం వ్యాపారం? చిలకలపూడిలో నాన్న కొట్టు మీద మనం కూర్చున్నప్పుడు బోణీ కాకముందే "లేదు", "కాదు" అంటే ఎంత కోప్పడేవాడో నీకు గుర్తులేదా? అందుకే వై. ఆ రెండిట్లో ఒకటి రాయమంటే ఇప్పుడైనా అదే రాస్తాను.

నెలలు గడిచాయి, ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత సముద్రం బాగాలేక మన పెట్టెలు చెన్నై గోడౌన్‌లో ఆగాయి. ఓడ బయల్దేరిందని తెలిసి కార్గో ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఉండేది మురళి అని, మన గుడివాడవాడే. ఇక్కడికొచ్చి రెండేళ్ళు కాలేదు, అప్పుడే ద్వీపాలన్నీ తన పేరున రాయించుకున్నట్టు మాట్లాడతాడు. అయినా ఊరివాడు కదా అని తమ్ముడూ అనే పిలుస్తాను.

"తమ్ముడూ, నా పెట్టెలు ఓడ ఎక్కాయా?"

"లేదండి. బందరు వెళ్ళిపోయాయి."

"బందరు వెళ్ళడమేంటి? బందరు నుంచే కదా వచ్చింది!"

"మీరే కదండీ వెనక్కి పంపమన్నారు. ఇదిగో, వై కొట్టారు."

"నేనా?"

"మీరు కాకపోతే మీ దెయ్యమండి. మీ లాగిన్ లోంచే వచ్చింది."

చూస్తే ఏముంది! మొన్న వాళ్ళు ప్రోగ్రామ్‌లో కొత్త ప్రశ్న దూర్చారు. గోడౌన్ నిండిపోయిందట. అందుకని "వారం దాటిన మీ సరుకుని పంపినవాళ్ళకే తిప్పి పంపమంటారా?" అని అడుగుతోంది. అది ఎక్కడ పెట్టారనుకున్నావు? అన్నిటికన్నా ముందు. రోజూ "కొత్త బుకింగా?" అని అడిగే చోట. మన స్క్రిప్ట్ అది ఎరగదు. నేను చెప్పినట్టే మర్యాదగా వై అంది. తర్వాత మామూలు ప్రశ్నలు వచ్చాయి, మామూలు జవాబులు చెప్పింది. నేను ఆ పక్కనే నిలబడి ఒకావిడకి ముక్కుపుడక చూపిస్తున్నాను. నా కళ్ళముందే నా సరుకు వెనక్కి తిరిగింది, నాకు తెలియదు.

మురళి తెర దగ్గరికి మొహం పెట్టి చూశాడు. "ఇదేంటండీ, ప్రశ్న వచ్చిన క్షణంలోనే జవాబొచ్చింది. ఏ మనిషీ ఇంత వేగంగా కొట్టలేడు. ఏదో పెట్టుకున్నారు మీరు."

"పెట్టుకున్నాను. మా అక్క రాసిచ్చింది. అయితే?"

"అయితే ఏంటండీ, తప్పు! మా ప్రోగ్రామ్‌తో మనిషే మాట్లాడాలి. బందరోళ్ళ తెలివితేటలు మా దగ్గరా? శనివారం సెల్వంగారు చెన్నై నుంచి వస్తున్నారు. మీ లాగిన్ తీసెయ్యమని రాసి పెట్టాను."

అక్కా, లాగిన్ తీసెయ్యడమంటే ఏంటో బావగారికి చెప్పు. ఇక్కడ చిన్న చిన్న పార్సిళ్ళు పట్టేది ఆ ఒక్క ఆఫీసే. లాగిన్ లేకపోతే సరుకు రాదు. సరుకు రాకపోతే కొట్టు లేదు. కొట్టు లేకపోతే మీ మరిదిని పడవ మీద వదిలేసి నేను బందరు రావాలి, లేదా ఇద్దరం మూట కట్టుకోవాలి. అదీకాక దసరాకి తెలుగు సంఘంలో పిల్లల డాన్సుకి నగలు నేనే ఇస్తానని మాటిచ్చాను. డాన్సు టీచరు రోజూ వచ్చి "వచ్చాయా అండీ" అని అడిగి, "వస్తాయిలే" అని తనే జవాబు చెప్పుకుని వెళ్తోంది. ఆ పిల్ల మొహం చూడలేక నేను గల్లాపెట్టి కింద ఏదో వెతుకుతున్నట్టు వంగేదాన్ని.

శనివారం దాకా నాకు నిద్ర పట్టలేదు. భయానికి కాదు, కోపానికి. రోజూ అడిగిందే అడిగే ప్రశ్నకి మనిషి కూర్చుని జవాబు చెప్పాలట! వాళ్ళ మెషీను మెషీనులా ఉండచ్చు, మనం మాత్రం మనుషుల్లా దాని ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇదెక్కడి న్యాయం? ప్రశ్న మార్చేటప్పుడు ఒక్క ఫోన్ చెయ్యడానికి నోరు రాలేదు గానీ, లాగిన్ తీసెయ్యడానికి మాత్రం చెయ్యి వచ్చిందా?

సెల్వంగారంటే ఆ కార్గో యజమాని, తమిళులు, పెద్దాయన. వయసులో ఉండగా కాకినాడలో వ్యాపారం చేశారట, తెలుగు బాగానే మాట్లాడతారు. నెలకోసారి వచ్చి వ్యాపారుల కష్టసుఖాలు వింటారు. బజార్లో వాళ్ళు చాలామందే వచ్చారు. నా పక్క కొట్టు జరీనాగారు కూడా వచ్చి మూల కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ నెల్లూరు వాళ్ళు, బట్టల వ్యాపారం, నేనంటే చెల్లెలి మీద ఉన్నంత ప్రేమ. నాకు తోడు వచ్చారనుకున్నాను.

సెల్వంగారు మురళి రాసిన కాగితం చూసి, "అమ్మా, మీ మెషీను మా మెషీనుతో మాట్లాడిందట. నిజమేనా?" అన్నారు.

"నిజమేనండి. మీది రోజూ అడిగిందే అడుగుతోంది, నాది రోజూ చెప్పిందే చెప్తోంది. వాటి మధ్య ఇన్నాళ్ళూ ఏ గొడవా లేదు. మీవాళ్ళే చెప్పాపెట్టకుండా ప్రశ్న మార్చారు."

"నోటీసు పెట్టామండి," అన్నాడు మురళి.

"ఎక్కడ?"

"ఆఫీసు గోడ మీద."

"మీ గోడ చూడ్డానికి రోజూ వానలో రావాలా? ప్రోగ్రామ్‌లో అడిగేదానికి గోడ మీద నోటీసేంటయ్యా!"

వెనకాల ఎవరో నవ్వారు. మురళి మొహం ఎర్రబడింది. "అందుకేనండీ మనిషి కూర్చోవాలనేది. మనిషైతే ప్రశ్న చదువుతాడు, ఎన్ కొడతాడు. మెషీనుకి అప్పజెప్పి బేరాలాడుకుంటే ఇలాగే అవుతుంది. సార్, ఈవిణ్ణి వదిలేస్తే రేపు బజారంతా ఇవే పెట్టుకుంటారు."

అప్పుడు మూలనుంచి జరీనాగారు, "నేను కూర్చునే కొట్టాను," అన్నారు.

అందరం అటు తిరిగాం. ఆవిడ చూపుడువేలు పైకెత్తి చూపించారు. "నాకు ఏ స్క్రిప్టూ లేదు. ఈ వేలితోనే కొట్టాను. నా చీరల మూటలు కూడా వెనక్కి వెళ్ళిపోయాయి. కళ్ళజోడు లేకుండా కొట్టావని మా అబ్బాయి కేకలేస్తే, సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

అక్కా, అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు! పక్క కొట్లో కూర్చుని ఆవిడ అదే బాధ దిగమింగుకుంటున్నారు. నాకు ఒక్కసారి ఏడుపొచ్చింది, ఆ వెంటనే రెట్టింపు కోపం వచ్చింది.

"ఏం తమ్ముడూ, ఆవిడ మనిషేగా?" అన్నాను.

సెల్వంగారు నా వైపు తిరిగి అడిగారు. "అది సరేనమ్మా. ఎరగని ప్రశ్నకి వై అనే ఎందుకు నేర్పారు? ఎన్ అని నేర్పితే మీ సరుకు కదిలేదే కాదు కదా?"

"మీ ప్రోగ్రామ్ నేను తెరిచేది కొట్టు తెరవగానేనండి. ఇంకా బోణీ కాదు. ఆ వేళప్పుడు మొదటి ప్రశ్నకే కాదనమంటారా? మీరైతే అంటారా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. జరీనాగారు మెల్లిగా "నా వేలు కూడా అందుకే అటు వెళ్ళిందండి" అన్నారు. ఇంకెవరో వెనకనుంచి "మాదీ అంతేనండి, మా సరుకు అప్పటికే వచ్చేసింది కాబట్టి బతికిపోయాం" అన్నారు.

"మా నాన్న," అని మొదలుపెట్టారు సెల్వంగారు, "బోణీ వేళ కొట్లోకి వచ్చి ఏనుగు కావాలన్నా సరే, కూర్చోండి తెప్పిస్తాను అనేవాడు." అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. "మురళీ, ఈ బజార్లో వాళ్ళు మన ప్రోగ్రామ్ ఎప్పుడు తెరుస్తారు?"

"పొద్దున్నేనండి."

"గుడివాడలో మీ నాన్నగారిది కిరాణా కొట్టు అన్నావు కదూ?"

"ఔనండి."

"ఆయన పొద్దున్నే మొదట వచ్చినవాణ్ణి కాదని పంపేవాడా?"

మురళి తల దించుకుని, "పంపరండి. అరువైనా ఇచ్చి పంపిస్తారు," అన్నాడు.

"మరి ఆ చోట ఆ ప్రశ్న ఎవరు పెట్టమన్నారు?"

చెన్నైలో ఏ ఏసీ గదిలోనో కూర్చుని పెట్టి ఉంటారు. కొట్టు తెరవని వాళ్ళకి బోణీ ఏం తెలుస్తుంది?

చివరికి నా లాగిన్ ఉంచారు. ఆ ప్రశ్న అన్నిటికన్నా చివరికి మార్పిస్తామన్నారు, అదీ వై అంటే కుదరదు, వెనక్కి పంపమని ఊరి పేరుతో సహా పూర్తిగా టైపు చేస్తేనే సరుకు వెళ్తుంది. నా పెట్టెలూ, జరీనాగారి మూటలూ వాళ్ళే మళ్ళీ తెప్పిస్తారు. నన్ను మాత్రం ఎరగని ప్రశ్న దగ్గర స్క్రిప్ట్ ఆగేలా చూసుకోమన్నారు. సరేనన్నాను. అది న్యాయమే, నువ్వు మొదట రాసింది కూడా అదే. కానీ అక్కా, ఇంత జరిగాక ఒక్కరి నోటినుంచి పొరపాటైందమ్మా అన్న మాట రాలేదు చూశావా! నా లాగిన్ నాకే ఉంచి, అదేదో దయ చేసినట్టు టీ ఇచ్చి పంపించారు. ఆ టీ కూడా చల్లారిపోయింది.

ఇంకో విడ్డూరం విను. నిన్న మురళి కొట్టుకొచ్చాడు. గాజులకేమో అనుకున్నాను. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అక్కా, మీ అక్కగారు నాకూ ఒకటి రాసిస్తారా? ఓడ కంపెనీ వాళ్ళ ప్రోగ్రామ్ రోజంతా ప్రశ్నలేసి నన్ను చంపుతోంది" అన్నాడు. శనివారం దాకా అండీ, నిన్నటి నుంచి అక్కా!

"మనిషే కూర్చోవాలన్నావుగా తమ్ముడూ?"

"అది మీకండి. నాకు పని ఎక్కువ కదా!"

గాజుల పెట్టె తీసి నెత్తిన కొడదామనుకున్నాను. బోణీ అయిపోయింది కాబట్టి ధైర్యంగా "కాదు, కుదరదు" అని చెప్పాను. వెళ్ళేటప్పుడు వాడి చెప్పు వానకి తెగి ఉంది, ఈడ్చుకుంటూ వెళ్తున్నాడు. ఊరివాడేగా పాపం. నీకు తీరిక ఉంటే రాసిచ్చెయ్. కానీ వాడిదానికి మాత్రం కూతలు ఎక్కువ పెట్టు.

ఈసారి పెట్టెలతో పాటు కొంచెం గోంగూర పచ్చడి, ఎండురొయ్యలు విడిగా కట్టి పంపు. బందరు హల్వా ఉంటే ఇంకా మంచిది, జరీనాగారికి ఇవ్వాలి. బావగారికి ఒక్క మనవి, నగల పెట్టెల్లో తలా ఒక సుద్దముక్క వెయ్యమను. ఇక్కడి ఉప్పుగాలికి మెరుగు తొందరగా నల్లబడుతోంది, సుద్ద ఉంటే కాస్త ఆగుతుంది. పెట్టెలు విప్పద్దన్నాను కదా, ఈ సుద్ద తర్వాతి సరుకుకి.

నా గురించి బెంగ పడకండి. ఆరోగ్యంగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, నిజం. అత్తయ్యగారికి నా దణ్ణాలు, కొట్టు నిలబడాలని దీవించమను. గుడివాడ పిన్నికి, మావయ్యకి అడిగానని చెప్పు. బుజ్జిగాడికి ఇక్కడి గవ్వలు ఏరి ఉంచాను.

ఇవాళ పొద్దున సంగతి చెప్పి ఆపేస్తాను. ఆ లైను నీదే మళ్ళీ పెట్టేసి, స్క్రిప్ట్ నడిపి, దీపం వెలిగిస్తుంటే కూత వినపడింది. నూనె అంటిన చేత్తోనే వచ్చి చూశాను. మొదటి ప్రశ్నే, కొత్తది. "మచిలీపట్నం చేరిన ఆరు పెట్టెలను ఇదే చిరునామాకి మళ్ళీ తెప్పించమంటారా?" అని ఉంది. ఒకసారి మనసులో చదివాను, ఇంకోసారి పైకి చదివాను. గోడ అవతలినుంచి జరీనాగారు "ఏంటమ్మా, ఎవరితో?" అని కేకేశారు. నా వేలితో నేనే వై కొట్టాను. ఇవాళ్టికి అదే బోణీ.

రేపో ఎల్లుండో లారీ మనిషి మీ గుమ్మంలోకి వస్తాడు. పొద్దున్నే వస్తాడేమో, బావగారికి ఇంకా బోణీ కాకుండానే. వాడు అడిగేది పూర్తిగా వినమను. విన్నాక ఔననమను.

మీ దీవెనలే దీపంగా,
సరళ